గోదావరి రెండు తీరాల గణితం: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో ఆటలు, వస్తువులు, ప్రాథమిక గణితబోధన

వ్యాససంగ్రహం

ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతం 1860 నుంచి సుమారు ఒక శతాబ్దం పాటు రెండు ప్రభుత్వాల కింద, రెండు నాణేల కింద, రెండు పాఠశాలా సంప్రదాయాల కింద నలిగింది. ఈ ప్రాంతంలో ప్రాథమిక గణితాన్ని చేతితో పట్టుకొనే వస్తువుల ద్వారా, ఆటల ద్వారా నేర్పడానికి జరిగిన ప్రయత్నాలను చారిత్రకక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బడికి వెలుపల ఉన్న ఆటల్లోని గణితం, వీధిబడి ఎక్కాలు, మిషనరీ పాఠశాల, నిజాం ప్రభుత్వ గిరిజన విద్యా పథకం, ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, బహుభాషా విద్య ఇందులో చర్చకు వస్తాయి. ఇక్కడి పిల్లలకు లెక్కపెట్టుకోవడానికి వస్తువులు ఏనాడూ కొరవడలేదనీ, వస్తువుకూ అంకెకూ మధ్య ఉండవలసిన మాట కొరవడిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రాథమిక గణితం, కృత్యాధార బోధన, వామనగుంటలు, కోయ, భద్రాచలం, ఏపీపెప్, బహుభాషా విద్య, తునికాకు.

1. ఉపోద్ఘాతం

భద్రాచలం గోదావరికి ఎడమగట్టున ఉంది. ఎదుటి గట్టున బూర్గంపాడు, దానికి వెనుక పాల్వంచ, కొత్తగూడెం, ఇల్లెందు అడవులు. ఈ నది చాలాకాలం ఒక రాజ్యసరిహద్దు. 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని బ్రిటిషువారికి అప్పగించాడు. మొదట అది మధ్యపరగణాల ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. కుడిగట్టు మాత్రం 1948 వరకు నిజాం ఏలుబడిలోని వరంగల్ జిల్లాలోనే కొనసాగింది. 1953లో వరంగల్ నుంచి ఖమ్మం జిల్లా విడివడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో కలిశాయి. 2014లో పోలవరం ముంపు పేరిట ఇక్కడి 7 మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయింది. 2016లో మిగిలిన అటవీభాగంలో అధికభాగం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది.

పరిపాలనా చరిత్రను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. లెక్క నేర్చుకోవడమంటే కొలతలు, నాణేలు, సంఖ్యావాచకాలు నేర్చుకోవడం. ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ మూడింటిలో ఏదో ఒకటి మారుతూ వచ్చింది. కోయ, కొండరెడ్డి గూడేల్లోని పిల్లవాడికి రెండు రెళ్ళు నాలుగే కావచ్చు. కాని ఏ భాషలో నాలుగు, ఏ కొలతలో నాలుగు, ఎవరి రూపాయిలో నాలుగు అన్నది ఎప్పటికప్పుడు వేరుగా ఉంటూ వచ్చింది.

2. గుంటలు, గవ్వలు, గీతలు

కృత్యాధార గణితబోధన చరిత్రను సాధారణంగా ఫ్రోబెల్ బహుమతులతోనో, మాంటిస్సోరి పూసలతోనో మొదలుపెట్టడం మన విద్యాశాస్త్ర గ్రంథాల్లో ఆనవాయితీ. ఆ క్రమం తప్పు కాదు. అయితే తెలుగు ప్రాంతం వరకు ఆ చరిత్రకు ముందు అరుగుల మీద, గుడి మండపాల రాతిపలకల మీద గీసిన ఆటల చరిత్ర ఒకటి ఉంది. దానిని గణితదృష్టితో చూడటం అవసరం.

వామనగుంటల్లో వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలు, మొత్తం 14 గుంటలు ఉంటాయి. గుంటకు ఐదేసి చింతపిక్కలు పోస్తే 70 అవుతాయి. ఆటగాడు ఒక గుంటలోని పిక్కలన్నీ చేతిలోకి తీసుకొని తరువాతి గుంటల్లో ఒక్కొక్కటిగా విడుస్తాడు. చేతిలోవి అయిపోయిన తరువాతి గుంట ఖాళీగా ఉంటే, దానిని దాటిన గుంటలోనివి అతనివి అవుతాయి. ఈ ఆటలో చిన్నపిల్లలు చేసేది గుంటకొక పిక్క అన్న ఏకైక సంబంధం. సంఖ్యాభావనకు పునాదిగా పియాజే పేర్కొన్నది ఈ సంబంధమే. కొంచెం ఆరితేరిన పిల్లలు గుంటలోకి చూసి, లెక్కించకుండానే ఆ పిక్కలు ఎక్కడ ముగుస్తాయో చెప్పగలుగుతారు. అది లెక్కింపు దాటి అంచనాకు, అంచనా దాటి శేషగణితానికి చేరిన దశ: 14 గుంటల చక్రంలో 17 పిక్కలు విడిచినవాడు మొదటి గుంట నుంచి మూడు గుంటలు ముందుకు పోయినట్లే.

అష్టాచెమ్మాలో 25 గడుల పలక, నాలుగు గవ్వలు. ఒక గవ్వ వెల్లకిల పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. గవ్వకు రెండు వైపులూ సమానంగా పడే అవకాశం ఉందనుకుంటే, నాలుగు గవ్వలు పడే 16 విధాల్లో ఒకటి 4 విధాల, రెండు 6 విధాల, మూడు 4 విధాల, చెమ్మ, అష్ట ఒక్కొక్క విధాన వస్తాయి. అరుదుగా వచ్చేదానికే ఎక్కువ విలువ కట్టిన ఈ ఆటలో సంభావ్యతాభావన ఉంది. నిజానికి గవ్వ రెండు వైపులూ సమానం కాదు. ఐదో తరగతి పిల్లలు నూరుసార్లు గవ్వలు వేసి పట్టిక రాసుకుంటే ఆ తేడా వారికే బోధపడుతుంది. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు స్థానాలు. దాడి ఆటలో చెరొక తొమ్మిది కాయలు, ఇరవైనాలుగు స్థానాలు. వీటిలో కూడిక, తీసివేతలు తక్కువ. ఖండనబిందువు, సరళరేఖ, పక్కస్థానం వంటి రేఖాగణిత భావనలు ఎక్కువ.

ఆటకు వాడే వస్తువులన్నీ అడవి అంచున దొరికేవే: చింతపిక్కలు, ఇప్పగింజలు, గచ్చకాయలు, వెదురుపుల్లలు. ఇన్ని ఉన్నా ఈ ఆటల్లో దేనిలోనూ అంకె రాయవలసిన పని లేదు. ఆట ముగిశాక ఎవరి వద్ద ఎక్కువ పిక్కలున్నాయో చూస్తే చాలు, 38 అని రాయనక్కరలేదు. జానపద క్రీడలను గణితబోధనకు వాడవచ్చునని చెప్పే వ్యాసాలు ఈ సంగతిని తరచుగా దాటవేస్తాయి.

3. ఇసుక, ఎక్కాలు, వీసాలు

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల మీద విచారణకు ఆదేశించాడు. దానికి సమాధానంగా 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే పద్ధతిని, వల్లెవేతను వివరించింది. ఈ విచారణ పత్రాలను ధరంపాల్ 1983లో ప్రచురించిన తరువాత అవి విస్తృతచర్చకు వచ్చాయి. భద్రాచలం అప్పటికి నిజాం రాజ్యంలో ఉన్నందువల్ల ఆ విచారణ పరిధిలోకి రాలేదు. అయినా వీధిబడి గణితస్వరూపం తెలుగు ప్రాంతాలన్నింటా దాదాపు ఒక్కటే: ఎక్కాలు, కొలతలు, వడ్డీలెక్కలు. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన నాటి నుంచీ తెలుగులో గణితం కంఠస్థవిద్యే.

ఎక్కాల వల్లెవేతను యాంత్రికమని కొట్టిపారేయడం సులభం. కాని ఎక్కంలోని భాషను గమనించాలి. ‘రెండు మూళ్ళు ఆరు’ అన్నప్పుడు ‘మూళ్ళు’ బహువచనం. మూడు అనే సమూహాలు రెండు ఉన్నాయని ఆ మాట స్పష్టంగా చెబుతోంది. ‘నలుగురికి మూడేసి’ అన్నప్పుడు ‘ఏసి’ అన్న ప్రత్యయం సమాన పంపకాన్ని వ్యాకరణంలోనే నిక్షిప్తం చేస్తోంది. గుణకారం అంటే సమాన సమూహాల సంకలనం అని పాఠ్యపుస్తకం పేజీలకొద్దీ వివరించే విషయం తెలుగు పిల్లల నాలుక మీద ముందే ఉంది. బడిలో ఆ మాటను వినిపించకుండా పాడించడమే జరిగింది.

భిన్నాల విషయం ఇంకా ఆసక్తికరం. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మానికలో గిద్దె పదహారో వంతు. డబ్బులో పదహారో వంతు వీసం. పావు, అర, ముప్పావు ఈ క్రమంలోనివే. తెలుగు లిపిలో భిన్నాలకు నాలుగు ఆధారంగా ప్రత్యేక చిహ్నాలు ఉండేవి. వాటితోపాటు తూము గుర్తు కూడా 2008లో యూనికోడ్‌లో చేరింది. ధాన్యం కొలిచే చేతి నుంచి పుట్టిన సంకేతపద్ధతి ఇది. ఒక మానిక బియ్యాన్ని సగం, ఆ సగాన్ని సగం చేయడం పిల్లలు కళ్ళతో చూడగలరు. పదోవంతు చేయడం అలా చూడటం కష్టం. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు, ఆ తరువాతి సంవత్సరాల్లో మెట్రిక్ తూనికలు అమలులోకి వచ్చాక వీసాల లెక్క పాఠ్యపుస్తకం నుంచి తప్పుకుంది. పరిపాలనకు, శాస్త్రానికి అది మేలే చేసింది. అయితే సంతలో నేటికీ అడిగేది పావుకిలో, అరకిలోనే. బడిలో 0.25 అని నేర్చినదీ సంతలో పావు అన్నదీ ఒకటేనని కలిపి చెప్పే పాఠం చాలాకాలం లేకపోయింది.

4. రెండు తీరాలు, రెండు రూపాయలు

గోదావరి ఎగువ నౌకాయాన పనుల కోసం దుమ్ముగూడెంలో పనిచేసిన సైనిక ఇంజనీరు హేగ్ ప్రోత్సాహంతో అక్కడ కోయల మధ్య క్రైస్తవ మిషన్ మొదలైంది. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో చర్చ్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ కెయిన్ అక్కడే ఉండి కోయభాషను, ఆచారాలను గురించి ‘ఇండియన్ ఆంటిక్వరీ’లోనూ, 1881లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలోనూ రాశాడు. థర్‌స్టన్ 1909 నాటి సంపుటాల్లో కోయల గురించి రాసినదానికి కెయిన్ రచనలు ఒక ముఖ్యమైన ఆధారం. మిషన్ వారు కోయను లిపిబద్ధం చేసింది ప్రధానంగా సువార్త కోసం. అక్షరాస్యత అంటే చదవడమే అన్న దృష్టి అందులో బలంగా ఉంది, లెక్కకు స్థానం వెనుకవరుసలోనే.

కుడిగట్టున నిజాం రాజ్యంలో బడి ఉన్నచోట ఉర్దూ ప్రాబల్యం ఉండేది. దీనికి గణితంలో ఒక ప్రత్యేక పర్యవసానం ఉంది. తెలుగులో ఇరవై తెలిసి, ఒకటి నుంచి తొమ్మిది తెలిస్తే ఇరవై తొమ్మిది దాకా పిల్లలు తామే చెప్పగలరు. ఉర్దూలో 29ని ‘ఉన్‌తీస్’ అంటారు. ముప్పైకి ఒకటి తక్కువ అన్న అర్థం. నూరు లోపు సంఖ్యల్లో చాలావాటిని విడివిడిగా కంఠస్థం చేయక తప్పదు. పుల్లల కట్టలతో స్థానవిలువ నేర్పేటప్పుడు తెలుగు సంఖ్యావాచకం కట్టనూ విడిపుల్లలనూ చూపినట్లు ఉర్దూ వాచకం చూపదు. తెలుగు, కోయ పిల్లలు ఆ మాధ్యమంలో లెక్క నేర్చుకోవలసి రావడం రెట్టింపు భారం.

నాణేల సంగతి ఇంకా తీవ్రమైనది. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా రూపాయి, బ్రిటిషు ప్రాంతంలో కల్దారు రూపాయి చెలామణి అయ్యేవి. మారకం సుమారుగా ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. నూరు కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు. అప్పట్లో రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు అని గుర్తుంచుకుంటే, నది దాటి చింతపండో కరక్కాయో అమ్ముకొనే కోయ రైతు ఎదుర్కొన్న లెక్క ఏ తరగతిదో ఊహించవచ్చు. ఇది నేటి ఏడో తరగతి నిష్పత్తి పాఠం. బడి ముఖం చూడనివారు సంతలో అక్కడికక్కడే చేయవలసిన లెక్క. చేయలేనప్పుడు వ్యాపారి చేసిన లెక్కే లెక్క.

1940లలో క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ నిజాం రాజ్యపు ఆదివాసుల గురించి రాసిన నివేదికల్లో అప్పు, వడ్డీ, భూమి చేజారడం అనే విషయాలు పదేపదే వస్తాయి. పాపికొండల కొండరెడ్ల మీద ఆయన గ్రంథం 1945లో వెలువడింది. ఆయన ప్రేరణతో 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఈ ప్రయోగానికి కేంద్రం ఉత్తరాన ఉన్నప్పటికీ ఖమ్మం సరిహద్దుకు దాని సంబంధం ముఖ్యమైనది. ఆదివాసీ పిల్లవాడికి ఆదివాసీ గురువు, ఆదివాసీ భాష అన్న సూత్రాన్ని ప్రభుత్వం అంగీకరించడం అదే తొలిసారి. పిల్లవాడు లెక్క నేర్చుకోవడం అంటే కాగితం మీద వడ్డీవ్యాపారి రాసినదాన్ని తిరిగి లెక్కచూసుకోగలగడం అన్న ఆచరణాత్మక లక్ష్యం దాని వెనుక ఉంది. 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన, 1970లో దానికి చేసిన సవరణ ఆ పోరాటానికి చట్టరూపం. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తుల కొనుగోలులో దళారిని తప్పించడానికి వచ్చింది. కాని తూకపు ముల్లు చదవగల కొనుగోలుదారు ఒకవైపు, చదవలేని అమ్మకందారు మరొకవైపు ఉన్నంతకాలం చట్టం ఒక్కటే సరిపోలేదు.

5. తకిలీ నుంచి ఏపీపెప్ దాకా

1937 వార్ధా సభ, జాకీర్ హుస్సేన్ సంఘం నివేదిక మూలవిద్యను ప్రతిపాదించాయి. తకిలీ మీద వడికిన నూలును కొలిచి, తూచి, దాని నుంచి గణితం నేర్పాలన్నది అందులోని ఆలోచన. దాదాపు ఆ కాలంలోనే, 1939లో, మాంటిస్సోరి మద్రాసు వచ్చి అడయారులో శిక్షణతరగతులు నడిపారు. ఈ రెండూ భద్రాచలం అడవులను నేరుగా తాకినవి కావు. ఆశ్రమపాఠశాలల్లో తోటపని, నేతపని కార్యక్రమాలుగా మూలవిద్య ఛాయలు కనిపించాయి తప్ప, పనిలోని గణితాన్ని పైకి తీసే బోధన అంతగా సాగలేదు.

1986 జాతీయ విద్యావిధానం తరువాత ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ కింద ప్రాథమిక పాఠశాలలకు గణితపేటికలు అందాయి. ఆ పేటిక బీరువాలో తాళం వేసి ఉండటం ఆ తరం ఉపాధ్యాయులందరికీ తెలిసిన సంగతే. పోతే జవాబుదారీ ఉపాధ్యాయుడిదే కాబట్టి తాళం వేయడమే అతనికి వివేకంగా తోచింది. వస్తువును ఆస్తిగా నమోదు చేసిన క్షణంలోనే అది ఆటవస్తువు కావడం మానుకుంటుంది.

ఏపీపెప్ అని పిలిచే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం దీనికి భిన్నమైన దారి పట్టింది. బ్రిటన్ ప్రభుత్వ విదేశాభివృద్ధి సంస్థ సహాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించిన ఈ పథకానికి ఆరు బోధనాసూత్రాలు. ఉపాధ్యాయుడే అభ్యసనకృత్యాలను రూపొందించడం. చేసి, కనుగొని, ప్రయోగించి నేర్చుకోవడం. వ్యక్తిగత, జట్టు, మొత్తం తరగతి పనులు. పిల్లల మధ్య తేడాలను గుర్తించడం. స్థానిక పరిసరాలను వాడుకోవడం. పిల్లల పనులను ప్రదర్శిస్తూ తరగతిగదిని ఆసక్తికరంగా ఉంచడం. కాలానుగుణంగా ఉపాధ్యాయులు కలుసుకొని కృత్యాలు తయారు చేసుకోవడానికి ఉపాధ్యాయకేంద్రాలు ఏర్పడ్డాయి. ‘కృత్యం’ అనే మాట తెలుగు ఉపాధ్యాయుల నిత్యవ్యవహారంలోకి వచ్చింది ఈ పథకంతోనే అని చెప్పవచ్చు.

ఆ ఆరు సూత్రాల్లో అడవి సరిహద్దుకు అత్యంత అనువైనది ఐదోది. పేటిక రాకపోయినా ఫరవాలేదు, గూడెం చుట్టూ లెక్కించదగినది కావలసినంత ఉంది. అయితే తనిఖీకి అత్యంత అనువైనది ఆరోది. గోడ మీద తగిలించిన చార్టును లెక్కపెట్టవచ్చు. పిల్లవాడు పుల్లల కట్ట విప్పి, 42 నుంచి 17 తీసివేయడానికి ఒక పదిని ఎందుకు విడగొట్టాలో గ్రహించాడా అన్నది అంత సులభంగా కనబడదు. ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పథకాన్ని మూల్యాంకనం చేసిన క్రమంలో, ఇంతటి విస్తృతపథకం ప్రభావాన్ని కొలవడంలోని చిక్కులు 1990ల విద్యాపరిశోధనలో ప్రత్యేక చర్చాంశమయ్యాయి. ‘కృత్యం’ అన్న సంస్కృతపదానికి చేయవలసిన పని అన్న అర్థం ఉంది. చాలా బడుల్లో అది అధికారి వచ్చినప్పుడు చేయవలసిన పనిగా మారిందన్నది ఈ వ్యాసం అభిప్రాయం. ఇందుకు ఉపాధ్యాయులను మాత్రమే తప్పుపట్టలేము. ఐదు తరగతులను ఒక్కరే నడిపే ఏకోపాధ్యాయ పాఠశాలలో జట్టుపని అన్నది ఆదర్శం కన్నా ముందు ఒక నిర్వహణ సమస్య. ఆ సమస్యను సూటిగా ఎదుర్కొన్నది రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం. పద్మనాభరావు, రమ దంపతులు రూపొందించిన అభ్యసననిచ్చెన పద్ధతిలో పిల్లలు తమ తమ మెట్టు మీద ఉన్న చీటీని తీసుకొని, దానికి తగిన వస్తువుతో పనిచేస్తారు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఉండటం అక్కడ లోపం కాదు.

6. ‘ఉండి’ అంటే ఒకటి

కోయ, గోండీ సోదరభాషలు. గోండీలో ఒకటి ఉండి, రెండు రండ్, మూడు మూండ్, నాలుగు నాలుంగ్, ఐదు సైయుంగ్, ఆరు సారుంగ్, ఏడు ఏరుంగ్. కోయలోనూ ఒకటికి ‘ఉండి’ అనే అంటారు. తెలుగు మాత్రమే తెలిసిన ఉపాధ్యాయుడికి ఆ మాట అసమాపకక్రియగా వినిపిస్తుంది. ‘ఎన్ని?’ అని అడిగితే పిల్లవాడు ‘ఉండి’ అన్నాడంటే వాక్యం పూర్తిచేయడం రాక ఆగిపోయాడని అనుకోవచ్చు. సరైన జవాబు తప్పుగా నమోదయ్యేది ఇలాగే.

ద్రావిడభాషల మరో స్వభావం కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. తెలుగులో మనుషులను లెక్కించే మాటలు వేరు, వస్తువులను లెక్కించే మాటలు వేరు: ముగ్గురు పిల్లలు, మూడు గింజలు. అంకె ఒక్కటే, 3. తరగతిలో ‘మన జట్టులో ఎంతమంది? ఒక్కొక్కరికి ఎన్ని గింజలు?’ అని అడిగే అతి సామాన్యమైన కృత్యంలో పిల్లలు ముగ్గురు, మూడు అన్న రెండు శబ్దాలను ఒకే చిహ్నానికి తీసుకురావాలి. తెలుగు పిల్లలు దీనిని ఇంటి నుంచే మోసుకొస్తారు. రెండోభాషగా తెలుగు వింటున్న కోయ పిల్లలకు ఇది అదనపు మెట్టు. అయినా పాఠ్యపుస్తకాలేవీ దీనిని ఒక మెట్టుగా గుర్తించలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ దృష్టితో కీలకమైనది. కోయ, గోండీ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే 8 భాషల్లో 240 పాఠశాలలతో అది ఆరంభమైంది. లిపి తెలుగు, భాష పిల్లల ఇంటిది. వారానికొక స్థానిక ఇతివృత్తాన్ని తీసుకొని భాష, గణితం, పరిసరాలు దాని చుట్టూ అల్లారు. మొదటి తరగతిలో లెక్కింపు ఇంటిభాషలోనే జరిగి, తెలుగు క్రమంగా వచ్చేది. 1984లో ఆడిలేడ్ సభలో ఉబిరతాన్ డి అంబ్రోజియో ప్రతిపాదించిన జాతిగణితం అన్న భావన ఈ దేశపు బడిలోకి పాఠ్యపుస్తక రూపంలో వచ్చిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. దీని బలహీనత ఉపాధ్యాయ నియామకంలో ఉంది. పుస్తకం కోయలో ఉన్నా ఉపాధ్యాయుడికి కోయ రాకపోతే పుస్తకం మూగదే. షెడ్యూల్డు ప్రాంత పాఠశాలల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక షెడ్యూల్డు తెగలవారికే అన్న 2000 జనవరి నాటి 3వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ఆ లోటును కొంత పూడ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టివేసింది. దీనిని ఉద్యోగరిజర్వేషన్ల వివాదంగానే చర్చించారు. ‘ఉండి’ అన్న జవాబును ఒకటిగా వినగల చెవి తరగతిలో ఉంటుందా లేదా అన్న బోధనాశాస్త్ర ప్రశ్న కూడా అందులో ఉంది.

7. కల్లంలో లెక్క, పలక మీద లెక్క

ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతమంతా తునికాకు సేకరణలో ఉంటుంది. 1971 చట్టంతో ఈ వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది. 50 ఆకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక ప్రామాణిక సంచి. అంటే సంచికి 50,000 ఆకులు. కట్టలను కల్లంలో వరుసలుగా పరుస్తారు. కల్లేదారు వరుసలు చూసి లెక్క రాసుకుంటాడు. ఇంటిల్లిపాదీ ఆకులు కోసి, కట్ట కట్టే ఈ పనిలో పిల్లలు వేసవి అంతా యాభైల ఎక్కాన్ని చేతులతో చదువుతున్నట్లే. అడ్డువరుసకు ఎన్ని, నిలువువరుసలు ఎన్ని అన్నది గుణకారపు దీర్ఘచతురస్ర నమూనాయే. జూన్‌లో బడి తెరిచాక అదే పిల్లలు 50 × 20 దగ్గర ఆగిపోవడం ఉపాధ్యాయులు చూసేదే. ఇరవై కట్టలకు ఎన్ని ఆకులని అడిగితే రెండు కట్టలు వంద, పది వందలు వెయ్యి అని చెప్పగలిగినవారు కూడా సున్నాల వద్ద తడబడతారు.

ఇది ఈ అడవికే పరిమితమైనది కాదు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద కరాహెర్, ష్లీమన్‌లు 1985లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధం. అమ్మకంలో భాగంగా వచ్చిన లెక్కల్లో నూటికి 98 సరిగా చేసిన ఆ పిల్లలే, అవే లెక్కలను కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే సరిగా చేశారు. 35 క్రూజీరోల కొబ్బరికాయలు పది అడిగితే, మూడింటికి 105 అని తెలిసిన పిల్లవాడు మూడేసి కాయలు కలుపుకుంటూ పోయి చివరి ఒక్కటి చేర్చి 350కి చేరాడు. 35 పక్కన సున్నా పెట్టడం అతనికి స్ఫురించలేదు.

దీనికి మరోవైపు కూడా ఉంది. ఢిల్లీలో 1,540 మంది బాలవాడి పిల్లలతో జరిగిన ఒక పరిశోధన 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. సంఖ్యాపరిమాణాలను, ఆకారాలను పోల్చే ఆటలను కొన్ని నెలలు ఆడించగా, పిల్లల సహజ గణితసామర్థ్యం పెరిగి ఏడాది తరువాత కూడా నిలిచింది. కాని ప్రాథమిక పాఠశాలలో చేరాక బడిగణితంలో వారికి దానివల్ల ప్రత్యేక లాభం కనబడలేదు. ఆట గణితభావనను పెంచింది. అంకెను పరిచయం చేయలేదు. వామనగుంటల గురించి పైన చెప్పిన అంశానికి ఇది దగ్గరగా ఉంది. అందువల్ల ఆట ఆడించి వదిలేసే కృత్యానికీ, ఆట ఆగిన చోట పలక అందించే కృత్యానికీ మధ్య తేడాను పాటించాలి. గుంటలో పిక్కలు తీయకముందే ‘ఎక్కడ ఆగుతుంది?’ అని అడిగి, జవాబును పలక మీద రాయించి, ఆడి సరిచూడటం రెండో రకం. తునికాకు కట్టలకు బదులు యాభై పుల్లల కట్టలను వరుసలుగా పరచి, నోటితో చెప్పిన లెక్కనూ పలక మీది 50 × 20నూ పక్కపక్కన ఉంచడం కూడా అలాంటిదే. మద్రాసులో జీవితమంతా ఇటువంటి కృత్యాలు తయారుచేసిన గణితోపాధ్యాయుడు పి.కె. శ్రీనివాసన్ (1924–2005) పద్ధతిలో కాగితం, పుల్ల, అగ్గిపెట్టెలతోపాటు పిల్లలు తాము కనుగొన్నదాన్ని రాయడం కూడా ఉండేది.

2022లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన తొలిమెట్టు కార్యక్రమం మౌలిక భాషాగణిత సామర్థ్యాలను మళ్ళీ ముందుకు తెచ్చింది. అదే విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమం, ఒకవైపు ఆంగ్లం మరోవైపు తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. నదికి దిగువన, ఆంధ్రప్రదేశ్‌లో చేరిన చింతూరు, కూనవరం వైపు బడుల్లో 2020 నుంచే అటువంటి పుస్తకాలు ఉన్నాయి. ఒకప్పుడు రెండు రూపాయల మధ్య ఉన్న సరిహద్దులో ఇప్పుడు మూడు భాషల సంఖ్యలు ఉన్నాయి. ఒక కట్ట, మూడు విడిపుల్లలు బల్ల మీద పెడితే తెలుగు ‘పదమూడు’ ముందు కట్టనూ, తరువాత పుల్లలనూ చెబుతుంది. ఆంగ్లపు ‘థర్టీన్’ ముందు పుల్లలను చెప్పి, తరువాత కట్టను చెబుతుంది. దాన్ని విని 31 రాసే కోయ పిల్లల పలక మీద ఆ పుల్లలు విన్న క్రమంలోనే ఉన్నాయి.